పచ్చరంగు వంతు వచ్చేదాకా

కొండల్ రావు ఇంట్లో భోజనాల బల్ల మీద, నళిని కూర్చునే వైపు, ఒక ఇనప రేకు పెట్టె ఉండేది. రంగూ గింగూ లేని ఉత్త రేకు. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఆ చలికాలమంతా అతను దానికెదురుగా కూర్చునే అన్నం తిన్నాడు. ఎదురుగా మనిషి ఉంటే ఏదో ఒకటి మాట్లాడాలి, పెట్టెతో ఆ బాధ లేదనుకున్నాడు మొదట్లో. తరవాత్తరవాత ఆ బాధ లేకపోవడమే పెద్ద బాధ అయి కూర్చుంది.

అది కంప్యూటర్ పెట్టె. కంప్యూటర్ మాత్రం అందులో లేదు. దాని బోర్డులన్నీ నళినితో పాటు నార్త్ కెరొలైనాలో, క్యారీ అనే ఊళ్ళో ఉన్నాయి.

నళిని అతని భార్య. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది. పెళ్ళయి మిషిగన్ వచ్చాక ఆ లెక్కలు పాలడబ్బా మీద తారీఖులు చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఏళ్ళ తరబడి పగలంతా ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుంది. పిల్లలు లేరు. కిటికీలోంచి చూస్తే మంచు, మంచు కరిగితే గడ్డి. "మధ్యాహ్నం రెండింటికి ఈ ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలీదండీ," అని ఒకసారి అంది. కొండల్ రావు విన్నాడు, పేపరు తిప్పాడు. చివరికి ఆమే సాయంత్రం కాలేజీలో చేరి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఎనభై ఒకటి వేసవిలో పోస్టులో కంప్యూటర్ కిట్ తెప్పించుకుని, ఇదే బల్ల దగ్గర టంకం పొగలో కూర్చుని, ఒక్కో ముక్కనీ బోర్డుల మీద అతికింది.

కొండల్ రావు పౌడర్ కోటింగ్ చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. కార్ల కంపెనీలకి కావలసిన బ్రాకెట్లూ అవీ రంగు వేసి పంపే చోటు అది. ఆమెని చూసి అతనికీ హుషారొచ్చింది. ఫ్యాక్టరీలో రేకు వంచి పెట్టె చేసుకొచ్చాడు. మూత పెడితే వెంట్రుక దూరనంత నిఖార్సుగా కుదిరింది. "కంప్యూటర్లన్నీ బూడిదరంగే ఎందుకుండాలి? మనది ఆకుపచ్చగా ఉండాలండీ," అంది నళిని. ఆ నెలల్లో ఆ ఇంట్లో మాటలకి కొదవ లేదు. ఆమె బైట్ల గురించి చెప్తే అతను రేకు మందం గురించి చెప్పేవాడు. ఒకరు చెప్పేది ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఇద్దరూ తెగ మాట్లాడుకునేవాళ్ళు.

దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు నళిని కారు తాళాలూ టంకం కడ్డీ స్క్రూడ్రైవర్లతో పాటు ఈ పెట్టెని కూడా దేవుడి ముందు పెట్టింది. పసుపూ కుంకుమా నీళ్ళతో తడిపితే ఉత్త రేకు తుప్పు పడుతుందని, నువ్వులనూనెతో రంగరించి, మూత మడత మీద మూడు బొట్లు పెట్టింది.

"రంగులాయన పెళ్ళాన్ని, ఆ మాత్రం తెలీదా?" అని నవ్వింది.

క్యారీ ఉద్యోగం కొత్త సంవత్సరంతో పాటే వచ్చింది. ఆమెకి అది మొదటి ఉద్యోగం. ఆ ఫోను పెట్టేశాక ఆమె ముఖం చూసినవాడెవడూ వద్దని అనలేడు. కొండల్ రావు కూడా అనలేదు.

"మీరూ వచ్చేయండి. అక్కడా ఫ్యాక్టరీలున్నాయి," అంది.

"ఉన్న జాబ్ ఇడిసిపెట్టి ఎట్ల వస్త? ఇక్కడ అందర్నీ లే ఆఫ్ చేస్తున్నరు. ఇల్లు అమ్ముదామంటే కొనేటోడు లేడు."

రెండూ నిజాలే. వాటి వెనకాల మూడో నిజం ఒకటి నక్కి ఉంది. అక్కడికి వెళ్తే, పని దొరికేదాకా, పగలంతా ఇంట్లో అతనొక్కడే కూర్చోవాలి, ఆమె ఆఫీసు నుంచి ఎప్పుడొస్తుందా అని. ఆ తలపే అతనికి భయం. ఆ సంగతి మాత్రం పైకి అనలేదు.

నళిని బోర్డులన్నీ ఒక పట్టుచీరలో చుట్టి సంచీలో పెట్టుకుంది. ఎయిర్‌పోర్టులో, లోపలికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "పెట్టెకి రంగు వేసి మీరే పట్టుకు రండి. పార్సిల్లో పంపకండేం," అంది.

అక్కణ్ణుంచి మొదలైంది అతని మీనమేషాల లెక్క.

ఆదివారం పొద్దున ఫోను చవక. కాబట్టి వాళ్ళ కాపురం ఆదివారం పొద్దున జరిగేది.

"రంగు వేశారా?" అని అడిగేది నళిని.

"గరాజ్‌ల చలి చంపుతున్నది. ఈ చలికి స్ప్రే డబ్బా పని చెయ్యది. అయినా నీ మెషిన్‌కి స్ప్రే పెయింటా? గోటితో గీకితే లేచి వస్తది. పౌడర్ కోటింగ్ చేపిస్త, ఇరవై ఏండ్లయినా చెక్కు చెదరది."

"సరే, చేయించండి మరి."

"పచ్చరంగు వంతు రావాలె గద."

అది అబద్ధం కాదు. ఫ్యాక్టరీలో దాదాపు ఏడాది పొడుగునా నల్లరంగే నడుస్తుంది. సన్నటి రంగుపొడిని కరెంటుతో రేకుకి అంటించి భట్టీలో కాలుస్తారు. రంగు మార్చాలంటే గది గదంతా, గొట్టాలతో సహా కడగాలి, అదో పూట పని. లేకపోతే పచ్చ మీద నల్ల చుక్కలు పడతాయి. ఒక్క పెట్టె కోసం ఆ పని ఎవరూ చెయ్యరు. వసంతంలో పెరటి కుర్చీల ఆర్డరొకటి వస్తుంది, అప్పుడు పచ్చ. దానితో పాటు మన పెట్టెనీ కొక్కేనికి తగిలిస్తే సరి.

"నల్లదైనా ఫరవాలేదండీ," అంది నళిని.

"నువ్వు పచ్చ అన్నవ్. పచ్చనే చేపిస్త."

చూశారా మరి, ఆమె ముచ్చటనే ఆమెకి అడ్డం పెట్టాడు. తెలిసే చేశాడని కూడా అనలేం. భర్తగా ఏం చెయ్యాలో తోచనప్పుడు ఇంజినీరుగా మారిపోవడం అతనికి అలవాటు.

ఖాళీగా ఉండలేక పెట్టెని పౌడర్‌కి సిద్ధం చేశాడు. గుడ్డని ఎసిటోన్‌లో ముంచి రేకంతా తుడిచాడు. మూత మీది బొట్లనీ తుడిచాడు. నూనె ఉంటే రంగు పట్టదు, అది చిన్నపిల్లాడికైనా తెలిసిన సంగతి. గుడ్డ పసుపుపచ్చగా, మధ్యలో ఎర్రగా తేలింది. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, తరవాత చెత్తబుట్టలో వేశాడు.

శనివారాలు పరీక్షలు పెట్టుకున్నాడు. ఒక రేకుముక్కకి బేస్‌మెంట్‌లో హీటరు పెట్టి స్ప్రే కొట్టాడు. ఇంకో ముక్కకి ఫ్యాక్టరీలో నల్ల పౌడర్ వేయించాడు. రెండిటినీ నాణెంతో గీకాడు, సుత్తితో కొట్టాడు, వంచాడు, ఉప్పునీళ్ళలో నానబెట్టాడు. స్ప్రే ప్రతిసారీ ఓడిపోయింది. ఆ కబుర్లన్నీ ఆదివారం నాడు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నళిని ఓపిగ్గా వినేది. ఒకసారి మాత్రం, "ఏవండీ, దాన్ని నేను సుత్తితో కొట్టనండీ," అంది. కొండల్ రావు పెద్దగా నవ్వాడు. అవతల నవ్వు వినపడకపోయేసరికి తనూ ఆపేశాడు.

మార్చిలో కుర్చీల ఆర్డరు వెనక్కి జరిగింది. అదే నెలలో ఉగాది. "ఇక్కడ తెలుగువాళ్ళం అందరం కలుస్తున్నాం. పచ్చడి నేనే చేస్తున్నాను. రాకూడదూ?" అని అడిగింది నళిని. ఉత్త రేకుపెట్టె మోసుకుని ఏం వస్తాం, రంగయ్యాక వస్తానన్నాడు. ఉగాది నాడు ఆవకాయ కలుపుకుని, రేకుపెట్టెకి ఎదురుగా కూర్చుని తిన్నాడు. వేపపువ్వు లేదు, మామిడికాయ లేదు, బెల్లం కూడా అయిపోయింది. మాటాడేందుకు ఎవరూ లేరు. ఇల్లంతటికీ రిఫ్రిజిరేటర్ చప్పుడొక్కటే.

ఏప్రిల్ వచ్చేసరికి నళిని రంగు సంగతి అడగడం మానేసింది. వాన గురించీ ఆఫీసు గురించీ రెండు ముక్కలు చెప్పి పెట్టేసేది. పోనీలే, తొందర పెట్టడం లేదని ఊపిరి పీల్చుకున్నాడు, పిచ్చిమనిషి.

మే నెలలో పచ్చ వంతు వచ్చింది. కొండల్ రావు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పెట్టెని ఎత్తుకెళ్ళి, కుర్చీల మధ్య తన చేత్తోనే కొక్కేనికి తగిలించాడు. అది కదులుతూ వెళ్ళి పౌడర్ పట్టించుకుని భట్టీలోకి దూరింది. అటు చివర వెళ్ళి నిలబడి, బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. పెట్టె వచ్చింది. పక్కలు నున్నగా, నిగనిగలాడుతూ, కొత్త చిగురులా ఉన్నాయి. మూత మాత్రం అలా లేదు. మడత మీద, వరసగా, మూడు గుంటలు. రంగు చుట్టూ పేరుకుని మధ్యలో రేకు కనిపిస్తోంది.

ఫోర్‌మన్ వాల్టర్ వంగి చూసి, "నూనె," అన్నాడు. "పైన తుడిచినట్టున్నావు గానీ మడతలోకి దిగింది. భట్టీ వేడికి బయటికొచ్చింది. ఏం నూనె పూశారు దీనికి?"

కొండల్ రావు కూడా వంగి గుంటల్ని చూశాడు. నువ్వులనూనె అని వాల్టర్‌కి చెప్పి ప్రయోజనం లేదు. ఎందుకు పూశారో చెప్పడం ఇంకా కష్టం.

"ఏం ఫరవాలేదు. రంగంతా కాల్చేస్తే లోపలి నూనె కూడా మాడిపోతుంది. ఆగస్టులో పచ్చ మళ్ళీ ఉంది, అప్పుడు వేద్దాం," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు వాల్టర్.

ఆదివారం ఫోనులో ఆ మాటే నళినికి చెప్పాడు. "అయింది గానీ చిన్న డిఫెక్ట్ వచ్చింది. మూడు గుంటలు పడ్డయి. మళ్ళ చేపియ్యాలె."

"ఎక్కడ పడ్డాయి?"

"మూత మీద. నువ్వు బొట్లు పెట్టిన కాడ. నేను తుడిచిన, అయినా నూనె మడతల దిగిందట. భట్టీల పెట్టి కాల్చేస్తే మొత్తం పోతది. ఆగస్టు వరకు..."

"తుడిచారా?"

"రంగు పట్టదు గద నళినీ."

నళిని గొంతు చాలా మెల్లగా వచ్చింది. "తుడిచినా పోలేదన్నమాట. ఇప్పుడు కాల్చేస్తారా?"

కొండల్ రావు బల్ల మీది పెట్టె వైపు చూశాడు.

"ఇక్కడ నా ఆర్నెల్ల లీజ్ అయిపోతోందండీ. ఇంకో ఏడాదికి సైన్ చేశాను. ఒక్క బెడ్‌రూమ్‌దే. నా ఒక్కదాని పేరు మీదే," అంది నళిని. ఏడవలేదు, కోప్పడలేదు. అతను ఏదో అనేలోపు ఉంటానని పెట్టేసింది.

అతను వంట చెయ్యలేదు. పెట్టె ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఎండ కిటికీలోంచి కిందికి దిగి, తివాచీ మీద కాసేపు ఉండి, గోడెక్కింది. వీధిలో ఒక కారు వెళ్ళింది. అంతే, మళ్ళీ ఏమీ లేదు. గడియారం చూస్తే రెండున్నర. ఎన్నో ఆదివారాలు ఆ ఇంట్లోనే ఉన్నాడు గానీ, మధ్యాహ్నం రెండింటికి ఆ ఇల్లు ఎలా ఉంటుందో అతనికి ఆ రోజే తెలిసింది. ఆమె అందులో ఏళ్ళు గడిపింది. అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

ఆ వచ్చే శనివారం తెల్లవారుతూనే పెట్టెని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పెట్టి బయల్దేరాడు. నళినికి చెప్పలేదు. చెప్తే ఏమంటుందోనని భయం. దారిలో ఒహాయోలో ఒక హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆగి, పెట్టె రంగుకి సరిపోయే పచ్చ స్ప్రే డబ్బా ఒకటి కొన్నాడు. ఇన్నాళ్ళూ తిట్టిపోసిన డబ్బానే. ఆ మూడు గుంటలూ అక్కడికి వెళ్ళాక కనపడకుండా పూడ్చేస్తే, చేతికి నిండైన పెట్టె ఇవ్వచ్చునని అతని ఆశ. కొండలన్నీ దాటి క్యారీ చేరేసరికి సాయంత్రమైంది.

తలుపు తీసిన నళినికి కళ్ళజోడు ఉంది. ఎప్పుడు పెట్టుకుందో అతనికి తెలీదు. ఫోనులో కనపడదు కదా. ఆమె అతన్నీ, చేతుల్లో దుప్పటి మూటనీ చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

గదిలో ఒక బల్ల. బల్ల మీద చెక్కపలక. పలక మీద స్క్రూలతో బిగించిన బోర్డులు, వైర్లు, పక్కన చిన్న టీవీ. టీవీ మీద అక్షరాలు వరసగా కదులుతున్నాయి. కొండల్ రావు మూట కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

"నడుస్తున్నదా?"

"వచ్చిన వారం నుంచీ నడుస్తోంది."

"పెట్టె లేకుండనా?"

"పెట్టె లేకపోయినా నడుస్తుందండీ అది. గాలి తగిలి ఇంకా చల్లగా ఉంటుంది."

"మరి ఇన్నాళ్ళ సంది రంగు అయిందా, రంగు అయిందా అని..."

"నేనడిగింది పెట్టెనా?" అంది నళిని. "పెట్టె పంపండి అన్నానా? పట్టుకు రండి అన్నాను."

కొండల్ రావు మూట విప్పి పెట్టెని బల్ల మీద పెట్టాడు. ఆమె వేళ్ళతో పక్కలు తడిమింది. బాగుందంది, మనస్ఫూర్తిగానే. వేలు మూత మీదికి వచ్చి మొదటి గుంట దగ్గర ఆగింది. అతను సంచీలోంచి స్ప్రే డబ్బా తీసి, రేపు పొద్దున పూడ్చేస్తానన్నాడు. అతను వంగి పెట్టెలోకీ పలక మీదికీ మార్చి మార్చి చూశాడు. ఈ నెలల్లో ఆమె ఇంకో రెండు బోర్డులు చేర్చింది. ఎటు తిప్పినా అవి పెట్టెలో పట్టవు. వెంట్రుక కూడా దూరని పెట్టె మరి. అతని చెయ్యి దానంతటదే జేబులోని టేపు మీదికి వెళ్ళింది.

"కొలతలు తీసుకపోత. కొత్తది చేసి..."

నళిని నవ్వింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. అతను టేపు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నం తిందురు గాని రండి. ఎన్నాళ్ళుంటారు?" అంది.

అది చుట్టాన్ని అడిగే మాట. తన భార్య ఇంట్లో తను చుట్టమని కొండల్ రావుకి అప్పుడు అర్థమైంది. "సోమవారం షిఫ్ట్ ఉన్నది," అన్నాడు, తలెత్తకుండా.

మర్నాడు పొద్దున కొండల్ రావు పళ్ళు తోముకుని వచ్చేసరికి నళిని బోర్డులు విప్పేసి, ఉత్త పలకని పెరటి మెట్ల మీద పాత పేపరు పరిచి పెట్టింది. చేతిలో అతను తెచ్చిన డబ్బా. గరుకు కాగితం వెయ్యలేదు, ప్రైమర్ లేదు, పైగా గాలి వీస్తోంది. డబ్బాని గలగలా ఊపి, పలక మీద ఆ చివర నుంచి ఈ చివరకి కొట్టేసింది. కొండల్ రావు నోరు కట్టేసుకుని నిలబడ్డాడు. చివరికి ఉండబట్టలేక, "కారుతున్నది," అన్నాడు.

"కారనివ్వండి."

వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని కాఫీ తాగేలోపే అది ఆరిపోయింది. రెండు చోట్ల కారింది, ఒక చోట గడ్డిపరక అంటుకుంది. నళిని దాన్ని లోపలికి తీసుకెళ్ళి బోర్డులు బిగించి స్విచ్ వేసింది. కంప్యూటర్ ఎప్పటిలాగే నడిచింది. అతను చలికాలమంతా, వసంతమంతా చెయ్యలేని పని ఒక కప్పు కాఫీలో అయిపోయింది. ఆ పచ్చ పలక చూస్తుంటే అతనికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఎండెక్కాక బయల్దేరాడు. నళిని దారిలోకి పెరుగన్నం కట్టి ఇచ్చింది. అతను పెట్టెని దుప్పట్లో చుట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఇక్కడ ఉండనివ్వండి."

"ఏం చేస్తవ్? అందుల ఏదీ పట్టదు గద."

"పట్టకపోతే మానె. మీ దగ్గరుంటే కాల్చేస్తారు."

ఆ గుంటల మీద ఆమె అరచెయ్యి ఉంది. అతను దుప్పటి మాత్రమే మడత పెట్టుకుని కారు దగ్గరకి నడిచాడు. ఆమె కూడా వచ్చింది. అతను కూర్చుని అద్దం దించాక, వంగి అతని ముఖంలోకి చూసింది.

"ఈసారి వచ్చేటప్పుడు ఏమీ తేకండి. ఉత్త చేతుల్తో రండి," అంది.

వస్తానన్నాడో, తలే ఊపాడో అతనికే గుర్తు లేదు. మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. రోడ్డెక్కాక అలవాటుగా అద్దంలో వెనక సీటు చూసుకున్నాడు. మడత పెట్టిన దుప్పటి తప్ప ఏమీ లేదు. రంగు వెయ్యవలసిందీ, వంతు కోసం ఆగవలసిందీ ఇక అతని దగ్గర ఏదీ మిగల్లేదు. మళ్ళీ రాకపోతే అది ఉత్త రాకపోవడమే.